బిడ్డ అడిగిన ప్రశ్న



వసతిగృహమునుండి సెలవులకు వచ్చిన కుమారుని మెడలో ఇష్టలింగము కానరాదు. తల్లి కంట నీరు పెట్టును, తండ్రి కోపించును. "ఇది ఎందుకు ధరింపవలెను?" అని బిడ్డ అడుగును. మనలో పెక్కు గృహములందు ఆ ప్రశ్నకు కసరుటయే సమాధానమగుచున్నది.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కథను స్మరింపుడు. బాలబసవన్న తనకు ఉపనయనము వలదని కన్నతండ్రితోనే వాదించెను. అట్టి గురువును కొలుచు మనము బిడ్డల ప్రశ్నను అపచారమనుట తగునా?

కావున ముందు వినుడు. పిమ్మట ఇట్లు చెప్పుడు: "నాయనా, ఇష్టలింగపూజకు గుడి అక్కరలేదు, పూజారి అక్కరలేదు, నీ అరచేయియే పీఠము. అమ్మకును, చెల్లెలికిని ఇదియే అధికారము కలదు. ఎచటనున్నను స్నానానంతరము కొన్ని నిమిషములు చాలును."

మాటకంటె నడత బలీయము. ఉదయము లింగపూజ చేసిన తండ్రి అంగడిలో తూకము తగ్గించినచో, కాయకమను మాట బిడ్డకు బూటకముగా తోచును. మఠమున దాసోహము జరుగునాడు వడ్డన వానికి అప్పగింపుడు. కులమడుగక అన్నము పెట్టుటలోని అర్థము వాని చేతులకే తెలియును.

భయముచే ధరించిన లింగము ఊరు దాటగానే పెట్టె చేరును. తెలిసి ధరించినది తోడుగా నిలుచును.