అకృతాభ్యాగమం: బొగ్గు, కర్మ, వాతావరణం

గోదావరిఖని గనుల్లో సింగరేణి సంస్థ వెలికితీసే బొగ్గు, 25 కోట్ల ఏళ్లకు పూర్వమే గోండ్వానా ఖండపు చిత్తడి అడవులు గాలిలోని కర్బనాన్ని పీల్చుకుని నేలలో కూరుకుపోగా ఏర్పడింది. దానిని మండించినప్పుడు ఆ కర్బనం బొగ్గుపులుసు వాయువుగా ఆకాశానికి చేరి, భూమి వెలువరించే ఉష్ణాన్ని కొంత పట్టి ఉంచుతుంది కనుక, పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న దాని మోతాదు నేడు 420 దాటడంతో భూతలం వేడెక్కుతున్నది.

ఈ భౌతిక సత్యం కర్మ సిద్ధాంతానికి కఠినమైన పరీక్ష. చేసిన పని ఫలమివ్వకుండా నశించడాన్ని కృతనాశమనీ, చేయని పనికి ఫలం అనుభవించడాన్ని అకృతాభ్యాగమమనీ పేర్కొని, రెండూ దోషాలేనని దార్శనికులు తేల్చారు. పునర్జన్మను సమర్థించడానికి వారు చూపిన ప్రధాన యుక్తులలో ఈ దోషాలు రాకూడదన్నది ఒకటి. అయితే ఆ వాయువులో కొంత భాగం వేల ఏళ్లు గాలిలో నిలుస్తుంది కాబట్టి, 1983లో రామగుండంలో బొగ్గుతో నడిచే ఎన్టీపీసీ విద్యుత్కేంద్రపు తొలి యూనిట్ ఇచ్చిన వెలుగు ఎక్కడెక్కడి ఇళ్లకో చేరగా, దాని వేడి ఇంకా పుట్టనివారికీ మిగిలింది. మే నెలలో ఓపెన్‌కాస్టు గనిలో ఎండకు సొమ్మసిల్లే కార్మికుడిది పూర్వజన్మ పాపమనడం అన్యాయం. కనిపించే కారణం ఉండగా కనిపించని దానిని కల్పించరాదన్నది మన తర్కశాస్త్రపు నియమమే. ఇక్కడ కర్త ఒక వ్యక్తి కాదు, ఆ విద్యుత్తును అనుభవించిన సమాజమంతా కర్తే. కనుక గనులు మూతపడేనాడు సమాజమంతా మోయవలసిన ఋణభారాన్ని బొగ్గు తవ్విన కుటుంబాల జీవనోపాధిపై మోపడం మరొక అకృతాభ్యాగమమే అవుతుంది.