ఓడిన సాయంత్రం మైకు ముందు

“తీసేశారు సరే. దేనికి తీసేశారు? ఓడినందుకా, అన్నందుకా?” అన్నాడు మావయ్య.

బరంపురంలో మా మావయ్యతో ఏ వాదనైనా ఇలా మధ్యలోంచే మొదలవుతుంది. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. గంజాం జిల్లా స్కూలు పిల్లల ఫుట్‌బాల్ జట్లని తయారు చేశాడు, అవసరమైనప్పుడు ఈలా ఊదాడు. ఆయన అడుగుతున్నది ఒడిశా ఎఫ్‌సీ కోచ్ స్టూవర్ట్ బాక్స్టర్ గురించి.

జరిగింది ఇది. 2021 ఫిబ్రవరి 1న ఒడిశా 0-1తో జంషెడ్‌పూర్ చేతిలో ఓడింది. అప్పటికి 14 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. పట్టికలో అందరికంటే కింద ఉంది. మ్యాచ్ అవగానే టీవీవాళ్లు మైకు పెట్టారు. బాక్స్టర్‌కి అప్పుడు 67 ఏళ్లు. జపాన్‌లో పనిచేశాడు, ఫిన్లాండ్, దక్షిణాఫ్రికా దేశాల జట్లకి కోచ్‌గా ఉన్నాడు. మైకులు ఆయనకి కొత్త కాదు. రిఫరీ నిర్ణయాలు తమకి ఎదురే వస్తున్నాయనీ, పెనాల్టీ ఎప్పుడు దొరుకుతుందో తెలీడం లేదనీ అన్నాడు. అక్కడితో ఆగినా పోయేది. తమ ఆటగాడు ఎవరి మీదైనా అత్యాచారం చేస్తేనో, అతని మీదే ఎవరైనా చేస్తేనో గానీ పెనాల్టీ ఇచ్చేలా లేరన్న అర్థంలో ఇంకో వాక్యం కలిపాడు. సందర్భం ఏదైనా ఆ మాట ఒప్పుకునేది కాదని క్లబ్బు ఆ రాత్రే ప్రకటించింది. మర్నాడు ఆయన ఉద్యోగం పోయింది.

“అన్నందుకే కదా,” అన్నాను. “క్లబ్బే చెప్పింది.”

“క్లబ్బు ఇంకేం చెబుతుంది? ఓడుతున్నాడని తీసేస్తే మిగతా జీతం లెక్క అడుగుతాడు. అన్నాడని తీసేస్తే ఊరంతా శభాష్ అంటుంది. అలా అని మాట చిన్నదని అనడం లేదు నేను. ఆ మాట ఎవరితో అన్నాడో ఆలోచించావా?”

“మైకు పట్టుకున్నవాడితో.”

“వాడితో ఎవరూ మాట్లాడరు. ఓడిన కోచ్ మైకు ముందుకొస్తే ముగ్గురు వింటున్నారని వాడికి తెలుసు. స్నానాల గదిలోంచి ఇంకా బయటికి రాని ఆటగాళ్లు ఒకరు. జీతమిచ్చే యజమాని ఒకరు. ఇళ్లల్లో కూర్చున్న నీలాంటివాళ్లు ఒకరు. ముగ్గురికీ మూడు వేరే మాటలు కావాలి. వాడి దగ్గరున్నది ఒక్క నోరు. అందుకని కోచ్‌లు పాతకాలం నుంచి రిఫరీ మీదికి తోసేస్తారు. దానర్థం రిఫరీ తప్పని కాదు, ‘ఒరేయ్ పిల్లలూ, తప్పు మీది కాదు’ అని డ్రెస్సింగ్ రూమ్‌కి కబురు పంపడం. ఫెర్గూసన్ అంతటివాడు బీబీసీ మీద కోపంతో 2004 నుంచి 2011 దాకా వాళ్లతో మాట్లాడకుండా గడిపేశాడు. అయినా ఆయన కోచ్‌గా ఉన్న మాంచెస్టర్ యునైటెడ్ గెలుస్తూనే ఉంది. జట్టు గెలుస్తుంటే కోచ్ మౌనాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఓడినప్పుడే మాట బాకీ పడతాడు.”

మావయ్య ఈ బాకీ ఎలా తీర్చేవాడో నాకు తెలుసు. జిల్లా పోటీలప్పుడు ఒక ఒడియా దినపత్రిక విలేకరి గ్రౌండుకి వచ్చేవాడు. గెలిచినా ఓడినా మావయ్య ఒకే వాక్యం చెప్పేవాడు: పిల్లలు బాగా ఆడారు. కొన్నాళ్లకి ఆ విలేకరి అడగడం మానేసి, ఆట సగంలోనే ఆ వాక్యం రాసేసుకుని, టీ తాగి వెళ్లిపోయేవాడు. పేపర్లో మావయ్య పేరుతో అదే వచ్చేది. ఆయన ఆ ముక్కలు కత్తిరించి దాచాడు కూడా. ఏ ముక్క ఏ సంవత్సరానిదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

“అది అబద్ధమే కదా మావయ్యా. నాలుగు గోల్స్ తిన్న రోజు కూడా బాగా ఆడారా?”

“అబద్ధమని నమ్మినవాడు ఒక్కడున్నాడా? లేడు. నిజమని నమ్మినవాడూ లేడు. ఎవరూ నమ్మని మాట అబద్ధమెలా అవుతుంది? పెళ్లికి వెళ్లి ‘భోజనాలు బావున్నాయి’ అంటావు. ఉప్పు లెక్క చెప్పడానికి కాదు కదా.”

నాకిక్కడ మావయ్య వాదనలో లొసుగు కనిపించింది. పెళ్లివారు భోజనం ఊరికే పెడతారు. అభిమాని ఊరికే రాడు. పొద్దున్నే రైలెక్కి భువనేశ్వర్ కళింగ స్టేడియంకి పోయి, గొంతు పోయేలా అరిచి, రాత్రి రైలుకి తిరిగొచ్చేవాడికి, ఎందుకోడామో ఒక మాట వినే హక్కు లేదా? అదే అడిగాను.

“అడిగే హక్కుంది. జవాబు కావాలంటావా, స్కోరే జవాబు.”

“మరి మైకు దేనికి? బరువులెత్తే పోటీలా చెయ్యమను. మన ఊరి కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్‌లో బంగారు పతకం తెచ్చాడు. బరువు పైకి లేచిందా, మూడు తెల్ల దీపాలు వెలిగాయా, అయిపోయింది. ఎందుకు లేచిందని ఎవరూ అడగరు.”

“అదీ మాట!” అని మావయ్య కుర్చీ ముందుకి లాక్కున్నాడు. “అక్కడ ఎత్తినవాడిదే చెయ్యి. ఇక్కడ కోచ్ బంతి ముట్టుకోడు. తొంభై నిమిషాలూ గీత బయటే నిలబడతాడు. వాడికి మిగిలిన ఆట మాటే. అభిమానికీ అంతే. గ్రౌండులో వాడి కాలూ లేదు, చెయ్యీ లేదు. ఇద్దరూ ఆడనివాళ్లే. అందుకే ఒకరి మాట ఒకరికి అంత పట్టింపు.”

ఇది నాకు తోచని సంగతి. ఆలోచిస్తే ఆ 2020-21 సీజన్‌లో ఇది ఇంకా ఎక్కువ. కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలో, ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఒడిశా జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఒడిశాలో ఆడలేదు. అభిమానికి చప్పట్లు కొట్టే చోటు లేదు, తిట్టే చోటూ లేదు. జట్టులోంచి మనిషి గొంతుతో ఇంటికి చేరేది మ్యాచ్ తరవాతి ఆ రెండు మూడు నిమిషాలే. మామూలు రోజుల్లో స్టేడియం హోరులో కలిసిపోయే మాట, ఆ ఏడాది నిశ్శబ్దంలో ఒంటరిగా నిలబడింది. ఆ సీజన్ మొదలైన తీరు కూడా చిత్రమే. 2020 నవంబరు 23న ఒడిశా తొలి మ్యాచ్ హైదరాబాద్‌తో. బరంపురం తెలుగు ఇళ్లల్లో ఎవరు ఎవరివైపో తేలని మ్యాచ్ అది (మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు). హైదరాబాద్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోలూ పెనాల్టీయే.

“అభిమానికి నిజం అక్కర్లేదురా,” అన్నాడు మావయ్య. “తనకి నొప్పెట్టినంత కోచ్‌కీ నొప్పెట్టిందో లేదో చూసుకుంటాడు. అంతే. 1998లో బేయర్న్ మ్యూనిక్ కోచ్ ట్రపటోనీ ప్రెస్‌మీట్‌లో సొంత ఆటగాళ్లనే పేరుపెట్టి తిట్టాడు. ఇటలీ మనిషి, వచ్చీరాని జర్మన్‌లో బల్ల గుద్ది అరిచాడు. వ్యాకరణమంతా తప్పు. నేను చెప్పిన రూలు ప్రకారం, ఆటగాళ్లని బయటపెట్టినవాడు, పనికిమాలినవాడు అవ్వాలి. జర్మన్లు ఆయన్ని ఇప్పటికీ ముద్దుగా తలుచుకుంటారు. ఎందుకూ? ముందే వల్లించుకున్న కోపం కాదని తెలిసిపోయింది కాబట్టి.”

“మరి బాక్స్టర్‌ది కూడా వల్లించిన కోపం కాదు. ఆయనకీ నొప్పెట్టింది. దాన్నెందుకు ముద్దు చెయ్యలేదు?”

మావయ్య జవాబు వెతుక్కుంటుండగా అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో అప్పుడే కాల్చిన అప్పడాలు, అంచులు నల్లబడి మధ్యలో మిరియాల చుక్కలు. బరంపురం అప్పడానికి పేరుందిగానీ అత్తయ్య బయటవి కొనదు. పళ్లెం మా మధ్య పెట్టి, “ఇందాకట్నుంచీ వింటున్నాను. మీరిద్దరూ పెనాల్టీ గురించే మాట్లాడుతున్నారు,” అంది.

“మరేటి మాట్లాడాలి?”

“ఆ మాట విన్న ఆడపిల్లలు మీరు చెప్పిన ముగ్గురిలో లేరు. ఆటగాళ్లకీ, యజమానికీ, మీకూ అంటూ లెక్కేశారు. టీవీ ముందు నేనూ ఉన్నాను కదా. నాకు ఒడిశా గెలిచినా ఓడినా ఒకటే. ఆయనకి దెబ్బ తగిలితే ఆ దెబ్బ చెప్పుకోవచ్చు. అన్యాయమైపోయింది, కడుపు మండిపోయింది, ఏదైనా అనొచ్చు. ఓడినోడి దుఃఖానికి బరువు చాలలేదని ఇంకెవరి దుఃఖమో అరువు తెచ్చుకుని తూకం వేస్తే ఎలా? అది ఆయన సొమ్ము కాదు.”

చెప్పి, ఒక అప్పడం తుంచి నోట్లో వేసుకుని వెళ్లిపోయింది. ఈ వాదనంతటిలో తేలిన ఒకే ఒక్క విషయం అత్తయ్య చెప్పిందేనని నా అభిప్రాయం. కోపం తప్పు కాదు, రిఫరీని అనడం లీగ్ నియమాల్లో జరిమానా సంగతి, అది వేరే. ఆ వాక్యంలో చెడిందేమంటే, ఆటకి సంబంధం లేని మనుషుల గాయం ఆటలోకి కొలబద్దలా వచ్చిపడింది. మాట జారిందని అంటారు. జారిందే. కానీ చేతికి దగ్గరగా ఉన్నదే జారుతుంది.

మావయ్య కాసేపు అప్పడం తిన్నాడు. తరవాత దారి మార్చాడు. ఆయన ఓడిపోతున్నప్పుడు చేసే పని అది.

“సరే, కోచ్ సంగతి అయింది. అభిమాని సంగతో? అనని మాటకి కూడా శిక్ష వేసేస్తాడే. 1962 జకార్తా గుర్తుందా?”

నేను పుట్టని సంవత్సరం నాకు గుర్తుండదని ఆయనకి తెలుసు. అయినా అడుగుతాడు. ఆ ఆసియా క్రీడలకి ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా పిలుస్తారని మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ అడ్డుచెప్పాడు. జకార్తా భగ్గుమంది. భారత రాయబార కార్యాలయం మీదికి జనం పోయారు. మర్నాడు, సెప్టెంబరు 4న, ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియంలో లక్షమంది దాకా ఉన్నారు. మన జాతీయగీతం వస్తుంటే కూడా హోరెత్తించారు.

“మన కోచ్ ఎవరు? హైదరాబాద్ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. మాట ఆయన అనలేదు, జట్టులో ఎవడూ అనలేదు. అన్నవాడు వాళ్ల కంటికి కనబడలేదు. చొక్కాలు కనబడ్డాయి. తిట్టారు. అభిమాని కోపానికి చిరునామా ఉండదురా, దగ్గరున్నవాడే చిరునామా. రహీం సాబ్ ఏం చేశాడు? అప్పటికే ఒంట్లో క్యాన్సర్. లక్షమందికి సంజాయిషీ చెప్పడానికి పోలేదు. ముందురోజు ఆటగాళ్లని కూర్చోబెట్టి, నాకొక కానుక కావాలి, రేపు బంగారం తెండి అని అడిగాడట. ఆడినవాళ్లే తరవాత చెప్పుకున్నారు. తలకి కుట్లతో జర్నైల్ సింగ్ ఒకటి, పి.కె. బెనర్జీ ఒకటి. కొరియా మీద 2-1. తరవాతి జూన్‌కి ఆయన పోయాడు. అదీ కోచ్ అంటే. మాట లోపలికి పోవాలి, బయటికి కాదు.”

కథ గొప్పది. కాదనను. కానీ మావయ్య తన వాదనకి వాడుకున్న తీరు నాకు ఒప్పలేదు. రహీం కాలంలో మ్యాచ్ అవగానే ముఖం మీద మైకు పెట్టే టీవీ లేదు. ఇప్పుడు కోచ్ రానంటే కుదరదు. ప్రెస్‌మీట్ లీగ్ నియమం, ఎగ్గొడితే జరిమానా. స్పాన్సర్ల పేర్ల బోర్డు ముందు ఆయన నిలబడడమే సగం వ్యాపారం. మౌనం ఆయన చేతిలో లేదు. మాట్లాడక తప్పని చోట ఏం మాట్లాడాలన్నదే అసలు ప్రశ్న.

“దానికి మనోలోని చూడు,” అన్నాను. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో లీగ్ కప్పు తెచ్చిన మనోలో మార్కెజ్, తరవాత దేశం జట్టుకి కోచ్ అయ్యాడు. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. రిటైరైన సునీల్ ఛెత్రిని వెనక్కి పిలిపించి మరీ ఆడిన మ్యాచ్. ఓటమి కాదు, కానీ ఓటమికంటే చేదు. ప్రెస్‌మీట్‌కి వచ్చి మనోలో ఏమన్నాడంటే, తనకి చాలా కోపంగా ఉందనీ, బుర్రలో ఉన్నదంతా చెప్పబోవడం లేదు కాబట్టి బహుశా తన వృత్తిలో ఇదే అన్నిటికంటే కష్టమైన ప్రెస్‌మీట్ అనీ.

“చూశావా మావయ్యా. నీ విలేకరికి చెప్పినట్టు ‘పిల్లలు బాగా ఆడారు’ అనలేదు. బాక్స్టర్‌లా ఉన్నదంతా కక్కెయ్యనూ లేదు. కోపం ఉందన్నాడు. దాచుకుంటున్నాననీ అన్నాడు. నొప్పెట్టిందని నాకు తెలిసింది. ఎవరినీ గాయపరచలేదు.”

“అభిమానులు ఊరుకున్నారా?”

ఊరుకోలేదు. దాచుకున్నదేంటో చెప్పమన్నారు కొందరు. మూడు నెలలు దాటీ దాటకుండా ఆయన ఆ పదవే వదిలేశాడు.

“అయితే ఉపయోగమేంటి?”

“ఉపయోగం ఉండాలని ఎవరన్నారు?”

మావయ్యకి ఆ జవాబు నచ్చలేదు. ఎదురు ప్రశ్నలు ఆయన సొత్తు, ఇంకొకరు వాడితే చిరాకు. “మొదట అడిగింది వదిలేశావు,” అన్నాడు. “ఒడిశా ఆ రోజు పట్టికలో పైన ఉంటే, అదే మాట అంటే, తీసేసేవారా?”

నిజాయితీగా చెప్పాలంటే తెలీదు. క్షమాపణ చెప్పించి, జరిమానా వేసి, ముందుకి పోయేవారేమో. అదే చెప్పాను.

“అంటే శిక్ష మాటకి కాదు, పట్టికకి.”

“కాదు. పట్టిక వల్ల శిక్ష వెయ్యడం తేలికైంది. తప్పు మాత్రం పట్టికలో ఏ చోటున్నా తప్పే. పధ్నాలుగు మ్యాచ్‌ల్లో ఒకటే గెలిచిన కోచ్‌లు లోకంలో కొల్లలు. అందరూ ఆ మాట అనలేదు కదా.”

“గెలిచేవాడికి పెనాల్టీ వెతుక్కునే పనే రాదు. ఆ మాటా రాదు.”

“అది నిజమే.”

ఒప్పుకున్నానని మావయ్యకి ఉత్సాహం వచ్చింది. “ఆ సీజన్‌లో ఇంకొక్క మ్యాచే గెలిచాం. ఆఖరిది. ఫిబ్రవరి 27న, ఈస్ట్ బెంగాల్ మీద. 6-5! పదకొండు గోల్స్! అది చూశావా?”

“చూశాను. కుర్చీలో కూర్చోలేదు.”

“ఆ రోజు మ్యాచ్ అయ్యాక మైకు ముందు మనవాళ్లు ఏమన్నారో చెప్పు.”

ఆలోచించాను. ఆరు గోల్స్‌లో కొన్ని గుర్తొచ్చాయి. తిన్న ఐదూ ఇంకా బాగా గుర్తొచ్చాయి.

“గుర్తులేదు.”

“నాకూ లేదు,” అన్నాడు మావయ్య, ఆఖరి అప్పడం తీసుకుంటూ.