మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే పల్నాడులో బడ్డీకొట్ల దగ్గర మనుషులు మారిపోతారు. నిన్నటిదాకా ఒక చేత టీ గ్లాసు, ఇంకో చేత సిగరెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇవాళ నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా వచ్చి అరడజను అరటిపళ్లు కొనుక్కుని వెళ్లిపోతాడు. కొట్టు గుంజకు కట్టిన కొబ్బరితాడు కొసన నిప్పు కణకణలాడుతూనే ఉంటుంది. చెయ్యి అటు పోదు. నిన్న పేరు పెట్టి పిలిచిన కొట్టతను కూడా ఇవాళ ‘ఏం కావాలి స్వామీ’ అంటాడు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల, ఏ ఊళ్లో చూసినా అయ్యప్ప దీక్ష తీసుకున్నవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారు. రోజుకో పెట్టె కాల్చినవాళ్లు మందూ మాత్రా లేకుండా 41 రోజులు ఆపేస్తారు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక, వాళ్లలో ఎంతోమంది మర్నాడే మళ్లీ ముట్టిస్తారు. కొందరు మాత్రం ఇక ఆ జోలికే పోరు.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది? పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఆపేస్తే కొద్ది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. చిరాకు, నిద్రపట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదటి వారంలో బాగా బాధిస్తాయి, మూడు నాలుగు వారాల్లో చాలామందిలో సద్దుమణుగుతాయి. అంటే 41 రోజుల మండల దీక్ష పూర్తయ్యేసరికి ఒళ్లు అడగడం చాలావరకు మానేసి ఉంటుంది.

మరి 42వ రోజున అడుగుతున్నదెవరు?

పొగాకు పోర్చుగీసువాళ్ల ద్వారా ఈ దేశానికి వచ్చి సుమారు 400 ఏళ్లు. మనుస్మృతికి దాని పేరే తెలియదు. కాబట్టి తాగొచ్చా తాగకూడదా అన్నదానికి ప్రాచీన ధర్మశాస్త్రాల్లో నేరుగా జవాబు దొరకదు. కానీ కోరిక సంగతి భగవద్గీతకు బాగా తెలుసు. ఇంద్రియాలను పస్తుపెడితే విషయాలు దూరమవుతాయి గానీ వాటిమీది రుచి మిగిలిపోతుందనీ, పరతత్త్వాన్ని చూసినప్పుడే ఆ రుచి కూడా పోతుందనీ రెండో అధ్యాయం 59వ శ్లోకం చెబుతుంది. మాల తీసిన మర్నాడు అగ్గిపుల్ల గీయించేది ఆ మిగిలిన రుచే.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. మానేసి పదేళ్లయినవాళ్లు కూడా పాత సంగతులు తలుచుకుంటారు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కడుతూ తెల్లవార్లూ మేలుకున్న రాత్రులు, నలుగురు పంచుకున్న చార్మినార్ పెట్టె, చలిలో మొదటి దమ్ము. ఇంట్లోవాళ్లు వింటే ఊరుకోరు. ‘మానేసినోడివి, మళ్లా ఆ మాటెందుకు?’ అంటారు. ఆ మందలింపుకు గీతలోనే ఆధారం ఉన్నట్టు కనిపిస్తుంది. పైకి ఇంద్రియాలను బిగబట్టి, లోపల విషయాలను స్మరిస్తూ కూర్చునేవాణ్ని మూడో అధ్యాయం మిథ్యాచారుడంది. అయితే మానేసినవాడు పాత పొగను తలుచుకోవడం కపటమేనా?

కాదని చెప్పడానికి గాంధీయే ఉదాహరణ. 1925 నుంచి ధారావాహికగా వెలువడిన ఆత్మకథలో ఆయన చిన్ననాటి పొగ సంగతి దాచకుండా రాశారు. బంధువుతో కలిసి పినతండ్రి పారేసిన సిగరెట్టు ముక్కలు ఏరి కాల్చడం, నౌకరు చిల్లర దొంగిలించడం అన్నీ చెప్పారు. పెద్దయ్యాక పొగ తాగాలన్న కోరికే కలగలేదన్నారు. అక్కడ జ్ఞాపకం ఉంది, రుచి లేదు. గీత తప్పుపట్టింది మనసులో అనుభవిస్తూ కూర్చోవడాన్ని. జరిగినదాన్ని జరిగినట్టు చూడటం వేరే పని.

ఆ పని నేర్పినవాళ్లు ఈ పల్నాటి గడ్డమీదే ఉండేవారు. మాచర్లకు దగ్గర్లోని నాగార్జునకొండలో, 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో బహుశ్రుతీయ, మహీశాసక శాఖల భిక్షువులకు విహారాలు ఉండేవి. సాగర్ నీళ్లు ముంచెత్తక ముందు 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో ఆ లోయ చరిత్ర ఎంతో బయటపడింది. మనసులో రాగం ఉంటే ఉందని, లేకపోతే లేదని ఉన్నదున్నట్టు గమనించడం బౌద్ధుల స్మృతి సాధనలో ముఖ్యమైన పాఠం. రాగాన్ని తిట్టడమూ లేదు, దానివెంట పరిగెత్తడమూ లేదు.

అమెరికాలో యేల్ పరిశోధకులు ఇదే సాధనను పొగతాగే 88 మందితో పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. కోరిక పుట్టినప్పుడు దాన్ని గమనించడం నేర్చుకున్నవాళ్లలో 17 వారాల నాటికి 31 శాతం మంది పొగ మానేసి ఉన్నారు. మామూలు శిక్షణ పొందినవాళ్లలో ఆ సంఖ్య 6 శాతమే. అధ్యయనం చిన్నదే, అయినా దారి చూపిస్తుంది.

పల్నాడులో ఈ గమనింపు మరీ అవసరం. ఇక్కడ పొలాల్లోనే బర్లీ పొగాకు పండుతుంది. కోసిన ఆకును దండగుచ్చి పందిళ్లకు వేలాడదీస్తే ఆ వాసన దారంతా పరుచుకుంటుంది. మర్చిపోదామన్నా ఊరు మర్చిపోనివ్వదు. కాబట్టి తలుచుకునేదేదో పూర్తిగా తలుచుకోవాలి. ప్రభ కట్టిన రాత్రితోపాటు తెల్లారగట్ల తెరలు తెరలుగా వచ్చిన దగ్గు, కొత్త చొక్కాకు పడిన చిల్లు, ముద్దుపెట్టబోతే మొహం తిప్పుకున్న పసిబిడ్డ కూడా జ్ఞాపకానికి రావాలి. సగం జ్ఞాపకమే రుచిని పెంచుతుంది. మొత్తం కళ్లముందుకొస్తే ఆ రుచికి బలం తగ్గుతుంది.

మాల వేసేటప్పుడు గురుస్వాములు నియమాలన్నీ విడమరిచి చెబుతారు. మాల తీసేటప్పుడు కూడా ఒక్క నిమిషం ఆగి, ‘స్వామీ, ఈ 41 రోజుల్లో పొగ ఎప్పుడు గుర్తొచ్చింది, అప్పుడేం చేశావు?’ అని అడిగితే ఎంతోమందికి మేలు జరుగుతుంది. తనవల్ల కాదనుకున్నవాళ్లకు 2016లో మొదలైన జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది. ఆ నంబరు కూడా అప్పుడే చెప్పవచ్చు.