గెలిచినవాడిని కట్టేసే నియమం

శివరాత్రి జాగారమైనా, సంక్రాంతి సెలవులైనా, కాలువలు కట్టేసి పొలం పని లేని వేసవి మధ్యాహ్నమైనా బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్లలో చాలాచోట్ల పేకలు బయటికొస్తాయి. 13 ముక్కల రమ్మీకి పెద్ద నియమాలు అందరికీ తెలిసినవే: మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. వాటి మీద ప్రతి ఇల్లూ తన సొంత నియమాలు కొన్ని చేరుస్తుంది. గెలిచినవాడు వెంటనే లేచిపోకూడదు. అప్పు మీద ఆట లేదు. పిల్లలు కూర్చుంటే డబ్బు బదులు చింతగింజలే. కొత్తగా నేర్చుకునేవాడు రాంగ్ షో చెబితే ఫుల్ కౌంట్ వెయ్యరు. ఆఖరి ఆట ఏదో ముందే చెప్పాలి. వీటిని ఏ శాస్త్రమూ విధించలేదు, తప్పితే ఏ కోర్టూ శిక్షించదు. మరి ఆడేవాణ్ణి ఇవి ఎందుకు కట్టిపడెయ్యాలి? మనమే పెట్టుకున్న నియమానికి ధర్మమన్న గౌరవం చెల్లుతుందా? చెల్లుతుందనే నా నమ్మకం. అయితే అన్ని నియమాలకూ కాదు.

మనుషులు కల్పించుకున్నది కాబట్టి అది ధర్మం కాదనేవారు ముందు ఆపస్తంబుణ్ణి చూడాలి. కృష్ణా డెల్టా వైదిక కుటుంబాల్లో చాలామందిది ఆపస్తంబ సూత్రమే. ఆ ధర్మసూత్రం మొదట్లోనే ధర్మం తెలిసినవారి సమ్మతిని ప్రమాణంగా నిలబెడుతుంది, వేదాన్ని దాని సరసనే చెబుతుంది. అంతేకాదు, రాజు ఒక సభ కట్టించి, అందులో ఆటపీట వేయించి, తానికాయ పాచికలు సరిసంఖ్యలో పెట్టించాలనీ, నిజాయితీపరులు అక్కడ ఆడుకోవచ్చనీ అంటుంది. ఆ పీట దగ్గరికి అన్ని వర్ణాలవారినీ రానివ్వకపోవడం దాని లోపం, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఆటను పూర్తిగా తోసెయ్యకుండా, అందరి కళ్లెదుట, ఒక కట్టడిలో ఉంచాలన్న ఆలోచన మన సంప్రదాయంలో పాతదేనని మాత్రం ఒప్పుకోవాలి.

అయితే కట్టడి ఉన్నంతమాత్రాన సరిపోదని చెప్పడానికి భారతంలోని ద్యూతసభే సాక్ష్యం. అక్కడ నియమాలు లేకపోలేదు. పందెం దుర్యోధనుడిది, పాచిక శకునిది అన్నప్పుడు, ఒకరి తరఫున మరొకరు ఆడటం సరికాదని ధర్మరాజు అభ్యంతరం చెప్పాడు. చెప్పి కూడా ఆడాడు. పిలిచిన ఆటకు వెనుదీయనన్న వ్రతం అతన్ని పట్టేసింది. పందానికి హద్దు లేదు గనక ధనం పోయాక రాజ్యం, రాజ్యం పోయాక తమ్ములు, ఆ తర్వాత తానూ ఓడిపోయాడు. అప్పుడు ద్రౌపదిని ఒడ్డమని గుర్తుచేసింది శకుని. తనను తాను ముందే ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది అడిగింది ఆట నియమం గురించే. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. నన్నడిగితే ఆయనకు జవాబు దొరక్కపోవడానికి కారణం ఒకటే: అక్కడున్న నియమాలన్నీ ఓడేవాణ్ణి కట్టేసేవే. గెలిచేవాణ్ణి ఆపే నియమం ఒక్కటీ లేదు.

ఇంటి నియమాల విలువ ఇక్కడే తెలుస్తుంది. గెలిచినవాడు లేవకూడదన్న మాట గెలిచినవాడికే సంకెల. ఓడినవాడు ఎప్పుడైనా లేచి వెళ్లొచ్చు. పాయింటు 10 పైసలైతే ఫుల్ కౌంట్‌కి పోయేది 8 రూపాయలు, 10 రూపాయలైతే 800. ముక్కలూ అవే, నియమమూ అదే. కానీ రెండో లెక్క నాలుగాటలు తిరిగేసరికి కౌలు రైతు ఎరువుల డబ్బు మీదికొస్తుంది. అందుకే పాయింటు రేటు పెంచకూడదన్న ఇంటి పెద్ద మాటకు 80 అన్న అంకెకంటే బరువెక్కువ. దయలా కనిపించే నియమాలన్నీ దయ కావన్నదీ గుర్తుంచుకోవాలి. 201 పాయింట్ల ఆటలో ఆ అంకెకు చేరి బయటపడినవాణ్ణి, మిగిలినవాళ్లలో ఎక్కువున్న స్కోరుకి ఒకటి కలిపి మళ్లీ చేర్చుకుంటారు. ఒక్కసారి అయితే అది ఆదరణ. చేరినప్పుడల్లా కొత్తగా డబ్బు కట్టించుకుంటూ ఎన్నిసార్లయినా రమ్మంటే అది ఉచ్చు.

జూదం జూదమే, నియమం పెట్టినంత మాత్రాన పుణ్యమవుతుందా అని అడిగేవారి మాటలో బలముంది. ఋగ్వేదంలోని అక్షసూక్తం పాచికల వల్ల ఇల్లు కూలినవాడి ఏడుపే. మనువు రాజ్యంలో ద్యూతమే ఉండకూడదన్నాడు. నేను కూడా ఆట పుణ్యమనడం లేదు. మనుషులు ఎలాగూ ఆడతారన్న చోట, ఆటను ఆటగా నిలిపే పని ఎవరో చెయ్యాలి అంటున్నాను. చట్టం ఆ పని కొంతవరకే చెయ్యగలదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. చట్టానికి ఆ ప్రశ్న అవసరమే. ధర్మానికి మాత్రం అది చాలదు, ఎందుకంటే ద్యూతసభలో అందరికంటే నైపుణ్యమున్నవాడు శకునే. ఫోన్లలోకి రమ్మీ వచ్చినప్పుడు 20, 40, 80 అన్నీ వచ్చాయి. ఇక చాలని చెప్పే ఇంటి మనిషి రాలేదు. చివరికి 2020లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ, 2025లో పార్లమెంటూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టాలు చెయ్యాల్సి వచ్చింది.

ఇంతా చేసి ఇది నాలుగు గోడల మధ్య కాలక్షేపం, దీనికి ధర్మచర్చ ఎందుకని కొందరంటారు. ఎవరూ చూడనిచోట, శిక్ష లేనిచోట పాటించిన మాటకే విలువ ఎక్కువ. ఇంటి నియమాన్ని తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. ముక్కలు పంచకముందే అందరికీ చెప్పారా? పెట్టినవాడికీ వర్తిస్తుందా? ఓడినవాడు మర్యాదగా లేచి ఇంటికి వెళ్లగలడా? మూడింటికీ అవునన్న నియమం ఎంత వింతదైనా ధర్మం పక్షాన ఉన్నట్టే. మూడోదానికి కాదన్న ఆటలో, మిగతావన్నీ అక్షరాలా పాటించినా, కూర్చోకపోవడమే ధర్మం.