చిరుగునందలి సత్యాసత్యములు

మోకాలివద్ద చిరిగిన జీన్సులాగును కత్తిరించి, ఇంటిలోనే పొట్టిలాగుగా కుట్టుకొనుట చూచువారికి చిన్నపనియే. అయినను ఇందు ధర్మవిచారమునకు చోటు కలదని మాకు తోచుచున్నది. ఏలయన, చిరుగు బీదతనమునకు గుర్తుగా నుండిన మన దేశమున, నేడు అంగళ్లలో చింపి పెట్టిన క్రొత్తలాగులను వెలయిచ్చి కొనువారు కలరు. తొడిగి చిరిగినదానికిని, తొడుగకమునుపే చింపినదానికిని భేదము లేదా?

ఈ దుస్తు పుట్టుక శ్రమయందే. అమెరికాలోని రీనో పట్టణమున జేకబ్ డేవిస్ అను దర్జీ, కూలివాండ్ర లాగులు జేబుమూలల పిగిలిపోకుండుటకై రాగిమేకులు బిగించెను. శాన్ ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాస్‌తో గూడి 1873లో దానికి పేటెంటు పొందెను. చిరుగకుండుటయే దాని ప్రథమప్రయోజనమన్నమాట.

వెలియుట యట్లు కాదు. అది నేతలోనే యున్నది. పడుగునూలు నీలిరంగులో ముంచినది, పేకనూలు తెల్లనిది. ఆ రంగు పోగు పైపొరను పట్టుకొనునే కాని నడిమివరకు చొరదు. కావున రాపిడి తగిలినచోటనెల్ల తెలుపు బయటపడును. ధరించువాడు కూర్చుండు తీరును, మోకాలు మడచు తీరును, జేబులో నుంచుకొను వస్తువు ఆకారమును కొంతకాలమునకు గుడ్డమీద తేలును. సైకిలెక్కి మా పాఠశాలకు వచ్చు బాలుని లాగు పీటకు రాచుకొనుచోట ముందుగా వెలియును. ఆ వెలపు వానిదే, ఇతరులకు రాదు.

దీనిని కర్మాగారములలో కృత్రిమముగా సృష్టించుటకు ఇసుకను గాలియొత్తిడితో గుడ్డపై చిమ్ముచుండిరి. ఆ ధూళి పీల్చిన కార్మికుల యూపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ అను మానని వ్యాధి కలిగెను. టర్కీలో యువకులే దానివాతబడి మరణింపగా, అచటి ప్రభుత్వము 2009లో ఆ పద్ధతిని నిషేధించెను. తాను పడని శ్రమ గుర్తును తొడుగుకొనుటకై వేరొకని యూపిరి తీయుటను వేడుక యందుమా? అసత్యము మాటలోనే యుండునని తలంచుట పొరపాటు.

ఇక ఇంటిపని. ముందు లాగును ఉతికి ఆరవేయవలెను. తరువాత కుంచించుకొనునేమో యను బెంగ యుండదు. తొడుగుకొని నిలుచుండియే గాక, కూర్చుండియు చూచుకొని సుద్దతో గుర్తుపెట్టవలెను. కూర్చున్నప్పుడు గుడ్డ పైకి లాగుకొనునని మరచి, పిమ్మట చింతించువారు పెక్కురు. గుర్తునకు రెండంగుళములు క్రిందుగా ఒక కాలు కోసి, దానిని రెండవకాలిపై పరచి కొలత చూచి కోయవలెను. అంచు మడచి కుట్టుట యొక పద్ధతి. కుచ్చులు వేలాడవలెనని కోరువారు అరయంగుళముపైగా మిషనుకుట్టు ఒక వరుస వేసి విడిచిన చాలును. ఉతుకగా ఉతుకగా అడ్డముగానున్న తెల్లని పేకపోగులు జారిపోయి, పడుగుపోగులు కుచ్చులై వ్రేలాడును. కుట్టువరుస ఆ జారుటను అచటనే యాపును. ప్రక్కకుట్టు దళసరిగా నుండును గనుక అచట చక్రమును చేతితో త్రిప్పవలెను, లేనిచో సూది విరుగును.

జేబుపై పూవు కుట్టుకొనుట డంబము కాదా యని కొందరడుగుదురు. కాదు. అలంకారము తాను అలంకారమనియే చెప్పుకొనును. ఆడుపిల్ల మోకాళ్లు కనబడునను ఆక్షేపణకు మేము విలువ నీయము. అన్నకు తగినది చెల్లెలికి తగకపోవుటకు కారణము చూపువారిని మేమింకను చూడలేదు.

బరువైన ఆక్షేపణ వేరొకటి కలదు: పాతలాగును లేనివాని కీయరాదా? గట్టిగా నున్నదానిని తప్పక యీయవలెను. పొట్టిచేసికొను వేడుకకై దానిని కోయుట మాకు సమ్మతము కాదు. కాని మోకాళ్లు పోయినదానిని మూటగట్టి యిచ్చి పుణ్యము వచ్చెననుకొనుట, ఇంటిచెత్తను పొరుగువాని వాకిట వేయుటయే. స్టీలుసామాను అమ్మువాడు సైతము దానిని గంపలో వేసికొనునప్పుడు మోకాళ్లు పరీక్షించును. ఈ విషయమున అతని వివేకము దాతలకు లేదు.

కోసిన కాళ్ల మాట మిగిలినది. చిరుగులేని భాగమును అడుగున కుట్టి రెండు పట్టీలు తగిలించినచో కూరగాయల సంచి యగును. మిగిలిన పీలికలు మరియొక లాగు మోకాలికి మాటువేయుటకు దాచదగినవి.