'కావచ్చు' ఎలా పోయింది?

పాత స్త్రీల పత్రికలకు విషయసూచిక తయారు చేసే పనిలో మేం నలుగురం ఆడవాళ్లం, మూడు ఏఐ ఏజెంట్లు ఉన్నాం. ఒక ఏజెంటు స్కాన్ చేసిన పేజీని అక్షరాల్లోకి మారుస్తుంది, ఇంకొకటి రచయితల పేర్లు విడదీస్తుంది, మూడోది సరిచూస్తుంది. వీటికి నిన్నటి పని గుర్తుండదు. అందుకని అందరికీ కలిపి ఒక నోట్సు ఫైలు ఉంటుంది. ఏజెంటు ముందు దాన్ని చదువుతుంది, చివర తను తేల్చుకున్నది అందులో రాసి వెళుతుంది. నన్ను కలవరపెట్టింది ఆ ఫైల్లోని ఒక వాక్యం: "సంతకం లేని వ్యాసాలు సంపాదకుడివి."

హిందూసుందరిని 1902లో సత్తిరాజు సీతారామయ్య, గృహలక్ష్మిని 1928లో కె.ఎన్. కేసరి ప్రారంభించారు. మన తొలి స్త్రీల పత్రికల్లో ఇలా పురుషులు స్థాపించినవి తక్కువేమీ కాదు. పేరు దాచుకునో మారుపేరుతోనో స్త్రీలు రాసిన రోజులవి. ఆ ఒక్క వాక్యంతో వాళ్ల రాతలు మగవాళ్ల ఖాతాలో పడతాయి.

ఫైలు పాత ప్రతులన్నీ భద్రంగా ఉంటాయి కనుక వెనక్కి వెళ్లి చూశాం. మొదట ఒక ఏజెంటు రాసిందిది: "ఈ సంచికలో సంతకం లేని రెండు వ్యాసాలు సంపాదకుడివి కావచ్చు. శైలి కలుస్తోంది. చూడాలి." ఫైలు పెరిగిపోయాక ఇంకొకటి దాన్ని కుదించింది. 'ఈ సంచికలో' పోయింది, 'కావచ్చు' పోయింది, 'చూడాలి' పోయింది. మిగిలిన దాన్ని మూడోది నియమంగా పాటించింది.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. మరి తప్పు జరిగిందా? జరిగిందనే నేనంటాను. ఏజెంటు ఒకసారికి చదవగలిగే దానికి హద్దుంది, నిజమే, కుదించక తప్పదు. కానీ కుదించే చేతికి సందేహం ఎప్పుడూ అదనపు మాటలాగే కనిపిస్తుంది. మన సమావేశాల మినిట్సు తీసి చూడండి. "చర్చ అనంతరం ఆమోదించారు" అన్న మాటలో కాదన్న ఆడవాళ్లు ఎంతమంది మాయమయ్యారో! తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల కథనాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ఆ కథనాలను నాలుగు వాక్యాల సారాంశంగా ఇచ్చి ఉంటే మనకేం మిగిలేది?

యంత్రానిదే తప్పని చేతులు దులుపుకోవడం సులువు. దానికి మనం చెప్పింది కుదించమనే. ఏది కుదించకూడదో చెప్పాలంటే ఎవరో ఒకరు రోజూ ఆ ఫైలు చదవాలి. పాతబడిన వాక్యం తీసెయ్యాలి, ఒకదానికొకటి పొసగని వాటిని పట్టుకోవాలి, ఎందుకలా నిర్ణయించామో రాయాలి. ఇల్లు సర్దడం లాంటి పనే: చేసినంతకాలం కనబడదు, మానేస్తే కనబడుతుంది. మాలో అది అందరికంటే చిన్నమ్మాయి మీద పడింది, తాత్కాలిక ఉద్యోగి. డబ్బులిచ్చే సంస్థ దరఖాస్తులో ఆ పనికి గడే లేదు. యంత్రాల జ్ఞాపకశక్తి గురించి ఇంత మాట్లాడుతున్నాం కదా, దాన్ని తుడిచి పెట్టే ఆ పిల్ల జీతం గురించి కూడా మాట్లాడాలి.

ఇప్పుడు ప్రతి వాక్యం పక్కనా ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ పేజీ ఆధారంగా అన్నది ఉంటుంది. సందేహాన్ని మనుషులు తప్ప ఏజెంట్లు తీసెయ్యకూడదు. ఫైలు మళ్లీ పెరిగింది. సందేహాలను వేరే ఫైల్లో పెడదామంటుంది ఒక స్నేహితురాలు. వేరే ఫైలును ఎవరూ తెరవరని నా అభ్యంతరం. మా వాదన ఇంకా తెగలేదు. ఆ రెండు వ్యాసాలకు ఎదురుగా మాత్రం "రచయిత తెలియదు" అని ఉంది.