మంచుకు తొందరేమీ లేదు

బాపట్ల,
మార్గశిర మాసం.

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ నిదానంగా చదివాను. సంక్రాంతి సెలవులకి అల్లుడుగారు కాశ్మీరంలోని గుల్మార్గ్ అంటున్నారనీ, నువ్వు సూర్యలంక సముద్రతీరం అంటున్నావనీ, మాటా మాటా పెరిగి ఇప్పుడు ఇంట్లో ఆ ఊసెత్తడమే మానేశారనీ రాశావు. "పెద్దమ్మా, నువ్వే తేల్చి చెప్పు" అన్నావు. ఫోనులో అయితే ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఇందులో టిక్కెట్లకి మించిన సంగతులున్నాయి, అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. ఇందులో నీ పక్షమూ లేదు, ఆయన పక్షమూ లేదు.

ముందు నా మాట చెప్పేస్తాను. ఈ సంక్రాంతికి సముద్రానికే రండి. మంచు కొండలకి ఇంకో నాలుగేళ్ళు ఆగండి. బుజ్జిగాడికి ఐదు నిండాయి, చంటిదానికి రెండో ఏడు ఇంకా నిండలేదు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళేటప్పుడు అందరిలోకీ చిన్న ప్రాణానికి ఏది పడుతుందో అదే అందరి సెలవూ కావాలి. పెద్దవాళ్ళం మన సరదాలు కొంత తగ్గించుకోగలం. పిల్లలు మన సరదా కోసం రాత్రికి రాత్రి పెరగలేరు.

మంచుమీద జారడం పిల్లలకి పనికిరాదని నేననను. మీ అన్నయ్య దగ్గర మ్యూనిక్‌లో ఉన్న చలికాలంలో గార్మిష్ కొండలకి వెళ్ళినప్పుడు, మూడు నాలుగేళ్ళ పిల్లలు స్కీలు తొడుక్కుని నేర్చుకోవడం కళ్ళారా చూశాను. నెత్తిన హెల్మెట్, చేతులకి మందపాటి తొడుగులు. అంత చిన్నవాళ్ళకి చేతికర్రలు ఇవ్వరు. నేలమీద మెల్లగా కదిలే పట్టా ఒకటి వాళ్ళని చిన్న గట్టు మీదికి చేరుస్తుంది. అక్కణ్ణించి స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా పెట్టి దిగుతారు. అలా పెడితే వేగం తగ్గుతుంది. ఆ ఆకారం గుర్తుండడానికి, నేర్పే అమ్మాయి వాళ్ళకి ఎదురుగా వెనక్కి నడుస్తూ "పిజ్జా, పిజ్జా" అని అరుస్తోంది. ఒక పిల్ల పడింది, లేచింది, మళ్ళీ పడింది. చేతి తొడుగు ఊడింది. ఏడుపు అందుకుంది. వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుని వెచ్చటి గదిలోకి తీసుకుపోయింది. దాంతో ఆ పిల్లకి ఆ రోజు పాఠం అయిపోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు, ఎందుకంటే వాళ్ళకి మళ్ళీ ఆదివారం ఉంది. మ్యూనిక్ నుంచి ఆ కొండలు తొంభై కిలోమీటర్లే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. మన పల్లెల్లో పిల్లలు కాలవలో ఈత నేర్చుకున్నట్టే వాళ్ళకి అది. ఇవాళ రాకపోతే రేపు వస్తుంది.

మీకు ఆ వీలు లేదు. ఉన్నదల్లా ఒక్క ప్రయాణం, నాలుగైదు రోజులు. ఆ రోజుల్లో చంటిదానికి జలుబు చేసినా, బుజ్జిగాడికి బూట్లు కరిచినా, మళ్ళీ ఆదివారం లేదు.

ఎత్తు సంగతి కూడా చూడు. గార్మిష్ ఊరు సముద్రమట్టానికి ఏడువందల మీటర్ల ఎత్తున ఉంటుంది. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్లు. మీరుండే హైదరాబాద్ ఐదువందల పైచిలుకు. పొద్దున విమానం ఎక్కి శ్రీనగర్‌లో దిగి, అక్కణ్ణించి యాభై కిలోమీటర్లు కారులో వెళ్తే, ఒక్క రోజులో రెండు వేల మీటర్లు ఎక్కినట్టు. 2,500 మీటర్లు దాటాక ఆ ఎత్తు ఒంటికి పడకపోవడం ఎవరికైనా జరగొచ్చు. పెద్దవాళ్ళయితే తలనొప్పి అని చెప్తారు. చంటిది చెప్పలేదు. అన్నం వద్దంటుంది, నిద్రపోదు, ఊరికే రాగం తీస్తుంది. చలికి పేచీ పెడుతోందని మనం సరిపెట్టుకుంటాం. ఇక అక్కడి రోప్‌వే గొండోలా రెండో అంచె అయితే అఫర్వత్ కొండమీద నాలుగు వేల మీటర్లకి దగ్గరగా దింపుతుంది. పసిపిల్లని ఎత్తుకుని ఎక్కాల్సిన చోటు కాదది.

కాశ్మీరంలో డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. ఏడాది మొత్తంలో చలి ముదిరే కాలం అది. మన సంక్రాంతి సరిగ్గా అందులోనే పడుతుంది. మంచులో ఎగిరి దూకే బుజ్జిగాడికి ఒళ్ళు వేడెక్కుతుంది. నీ వీపునో చంకలోనో కదలకుండా కూర్చున్న చంటిదానికి వేడెక్కదు. ఒంటి బరువుతో పోలిస్తే పసిపిల్లలకి చర్మం ఎక్కువ, అందుకే లోపలి వేడి పెద్దవాళ్ళకంటే తొందరగా పోతుంది. కాబట్టి జరిగేదేమిటంటే, మీలో ఒకరు పిల్లతో గదిలో హీటరు పక్కన, ఇంకొకరు పిల్లవాడితో బయట. నలుగురూ ఒకచోట ఉండేది భోజనాల దగ్గరే. అంత దూరం వెళ్ళి విడివిడిగా ఉండటానికా, అమ్మలూ?

ఇంతా చేసి మంచు ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ వాలులు మంచు లేక గోధుమరంగు గడ్డితో కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. ఆటలు నడిపేవాళ్ళు వాయిదా వేసుకోగలిగారు. స్కూలు సెలవుల్ని మీరు వాయిదా వేసుకోలేరు.

నా అసలు భయం ఇక్కడుంది. చాలా డబ్బు పోసి, చాలా దూరం వెళ్ళి, అనుకున్నది జరగనప్పుడు మనకి తెలియకుండానే కోపం పిల్లల మీదికి మళ్ళుతుంది. "ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే ఏడుస్తావేంటి? నవ్వు, ఫోటో తీయాలి" అంటాం. ఐదేళ్ళవాడికి విమానం టిక్కెట్ ధర తెలియదు. గుల్మార్గ్ తీసుకెళ్ళమని వాడు అడగనూ లేదు. మనం కొన్నదానికి వాడు సంతోషం చూపించి తీరాలని పట్టుబట్టడం అన్యాయం. పిల్లల్ని మంచిచోట్లకి తీసుకెళ్ళడం మన ఇష్టం కొద్దీ చేసే పని, వాళ్ళ నెత్తిన పెట్టే అప్పు కాకూడదు. ఈ ఒక్క మాటా మనసులో పెట్టుకుంటే మిగతా ఉత్తరమంతా మర్చిపోయినా నాకు బాధలేదు.

బళ్ళో పాఠాలు చెప్పిన కాలంలో, సెలవులు అయ్యాక "ఏం చేశారో రాయండి" అని చిన్న తరగతుల పిల్లలకి చెప్పేదాన్ని. ఆగ్రా వెళ్ళొచ్చిన పిల్లవాడొకడు తాజ్‌మహల్ గురించి ఒక్క వాక్యం రాశాడు. రైల్లో పై బెర్తు మీద నాన్న పక్కన పడుకుని, ఆయన చేతిగడియారంలో మెరిసే అంకెలు చూస్తూ వెళ్ళిన రాత్రి గురించి పేజీ నిండా రాశాడు. చాలా కాగితాల్లో అదే వరస కనిపించేది. ఆ వయసులో ఊరు గుర్తుండదు, ఊళ్ళో తమతో ఎవరున్నారో గుర్తుంటుంది.

అలాగని అల్లుడుగారి కోరికని చిన్నచూపు చూడకు. తోటివాళ్ళ ఫోటోలు చూసి మనసు పడ్డారని నువ్వు ఎత్తిపొడిచినట్టున్నావు. అది తప్పు. కొండలూ మంచూ చూడాలనుకోవడం మంచి కోరికే. ఆయనకి నిజంగా స్కీయింగ్ నేర్చుకోవాలని ఉంటే, గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ వారి శిక్షణ సంస్థ ఉంది. కొత్తవాళ్ళకి మొదటినుంచీ నేర్పుతారు. స్నేహితులతో ఒకసారి వెళ్ళిరమ్మను. ఆయన వెళ్ళినన్ని రోజులు నీకూ వేరే సమయంలో దక్కాలి, అప్పుడు ఇల్లూ పిల్లలూ ఆయన చూసుకోవాలి. ఆలుమగల సరదాలకి దారి ఇలా వెతుక్కోవాలి. పిల్లల సెలవుని అడ్డం పెట్టుకుని తీర్చుకోకూడదు.

ఇక సముద్రం. మా ఊరి పక్కన ఉంది కదా అని సూర్యలంక అనడం లేదు. భీమిలి అయినా, మీకు నచ్చిన ఇంకో తీరమైనా నా మాట ఇదే. రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కితే తెల్లారేసరికి బాపట్ల. పిల్లల నిద్ర చెడదు. ఎత్తు బాధ లేదు. జనవరి ఎండ మెత్తగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇసుకలో రెండేళ్ళ పిల్లకి కూడా సొంతంగా చేసుకోడానికి పని ఉంటుంది. తడి ఇసుకలో గుంట తవ్వితే అడుగునుంచి నీళ్ళు ఊరతాయి. చంటిది అది చూసి చేయి తీసేస్తుంది, మళ్ళీ పెడుతుంది. ఎండ్రకాయ బొరియలోంచి తొంగిచూసి, అడుగు చప్పుడుకి లోపలికి జారుకుంటుంది. బుజ్జిగాడు ఇంకో బొరియ వెతుక్కుంటాడు. ఎవరూ నేర్పక్కర్లేదు, ఎవరూ అద్దెకివ్వక్కర్లేదు. నిద్రొస్తే గదికి వెళ్ళిపోవచ్చు. పొద్దున చూసిన ఒడ్డే సాయంత్రం మళ్ళీ చూడొచ్చు.

అలాగని సముద్రం సాధువు అనుకోకు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. మామూలు రోజుల్లో కూడా ఈ ఒడ్డున ఇళ్ళకి తిరిగి వెళ్ళని పిల్లల కథలు ఉన్నాయి. అందుకని ఇవి గట్టిగా పాటించండి. నీళ్ళ దగ్గర ఉన్నంతసేపూ పెద్దవాళ్ళలో ఒకరి పని పిల్లల్ని చూడటమే. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అనే మాట రాకుండా, ఇప్పుడు వంతు ఎవరిదో పైకి చెప్పుకోండి. మునిగే పిల్లలు కేకలు వేయరు, చప్పుడు లేకుండా మునుగుతారు. చంటిదాన్ని చేయి చాపితే అందే దూరంలోనే ఉంచు. బుజ్జిగాడిని మోకాలు దాటి దిగనివ్వకు. అలలు విరుగుతున్న వరసలో మధ్యన ఒకచోట నీరు నునుపుగా, అలలు లేనట్టు కనిపిస్తే అక్కడికి అసలు వెళ్ళొద్దు. ఒడ్డుకి చేరిన నీరంతా తిరిగి లోపలికి లాగేది తరచుగా ఆ దారినే. పెద్దవాళ్ళెవరైనా అందులో చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. బయల్దేరే ముందు సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళ అలల హెచ్చరికలు చూసుకోండి. పిల్లల్ని పొద్దున్నా సాయంత్రమూ మాత్రమే ఇసుకలోకి తీసుకెళ్ళు, మధ్యాహ్నం గదిలో పడుకోబెట్టు.

ఏ చోటికి వెళ్ళినా, అక్కడ బతుకుతున్న మనుషుల్ని పిల్లలకి చూపించండి. గుల్మార్గ్‌లో పర్యాటకుల్ని స్లెడ్జ్ మీద కూర్చోబెట్టి తాడుతో లాగేవాళ్ళు ఉంటారు. చలికాలం నాలుగు నెలల సంపాదన మీద ఇల్లు నడిపే మనుషులు. వాళ్ళ దగ్గర పది రూపాయలకి గీచిగీచి బేరమాడితే బుజ్జిగాడు ఆ బేరమే నేర్చుకుంటాడు. ఇక్కడ బెస్తవాళ్ళు వల లాగుతుంటే దూరంగా నిలబడి చూడనివ్వు, ఆరబెట్టిన వలల్ని తొక్కనివ్వకు. ఆ వల వాళ్ళ రేపటి కూడు అని చెప్పు. తిన్న పొట్లాలు సంచిలో వేసి వెనక్కి తీసుకురావడం వాడి పనిగా పెట్టు. చెప్తే బరువు, చేయిస్తే అలవాటు.

మంచు ఎక్కడికీ పోదు. బుజ్జిగాడికి తొమ్మిది, చంటిదానికి ఆరు వచ్చాక వెళ్ళండి. అప్పటికి తలనొప్పి వస్తే వాళ్ళే చెప్తారు, తడి తొడుగు వాళ్ళే మార్చుకుంటారు. శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు. ముందు అక్కడ రెండు రాత్రులు ఉండి ఎత్తు అలవాటు చేసుకుని పైకి వెళ్ళండి. మొదటి రోజు పాఠం గంటకు మించనీయొద్దు, హెల్మెట్ లేకుండా కదలనీయొద్దు. నల్లకళ్ళద్దాలు, ముఖానికి క్రీమూ మర్చిపోవద్దు. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి కొడుతుంది, పొడి ఇసుక కొట్టేది పదిహేను శాతమే. ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచుకోండి.

చివరిగా ఒకటి. ఇది పెద్దమ్మ తీర్పు అని అల్లుడుగారి ముందు విసరకు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, ఆయన చెప్పేది పూర్తిగా విను. సముద్రమనే అనుకుంటే ఆయన మనస్ఫూర్తిగా రావాలి, అక్కడికొచ్చి "గుల్మార్గ్ అయితేనా" అనకూడదు. ఒకవేళ మంచే అనుకుంటే నువ్వూ దారిపొడుగునా దెప్పకూడదు. ఒప్పుకున్నాక ఆ నిర్ణయం ఇద్దరిదీ. అమ్మానాన్నలు ఒకే మాట మీద ఉన్న ఇంట్లో పిల్లలకి సెలవు ఆ రోజే మొదలవుతుంది.

బుజ్జిగాడికీ చంటిదానికీ ముద్దులు. అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ